‘ఉన్మాదం’ ఎక్కడ పుట్టింది, ఎక్కడ వాడాలి: మాటను విప్పి చూసే పద్ధతి

ఇంగ్లీషులో ‘ఫనాటిక్’ కనబడగానే తెలుగులో ‘ఉన్మాది’ అని రాసేయడం అలవాటైపోయింది. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడూ ఉన్మాదే, పరమతస్థుడి ఇంటికి నిప్పు పెట్టేవాడూ ఉన్మాదే. రెండో చోట మాట సరిపోతుంది. మొదటి చోట మాత్రం ఏ పాపమూ ఎరగని మనిషి మీద నేరం మోపినట్టవుతుంది. నిఘంటువులో వరసగా ఇచ్చిన అర్థాలు చదివితే ఈ తేడా అందదు. మాటను విప్పాలి, దాని చుట్టాలను పలకరించాలి, ఇన్నాళ్లూ అది ఎవరెవరి నోట తిరిగిందో చూడాలి. అనువాదకులకూ వార్తలు రాసేవాళ్లకూ భాష చదువుకునే విద్యార్థులకూ పనికొచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ చెబుతున్నాం. ఒక కాగితం, ఒక తెలుగు నిఘంటువు, ఒక సంస్కృత నిఘంటువు దగ్గర పెట్టుకుంటే చాలు.

ముందు మాటను కోయాలి

మతోన్మాదం అన్న మాటను తీసుకోండి. మొదటి కోత మత + ఉన్మాదం. అకారం మీద ఉకారం వచ్చి ‘ఓ’ అయింది, గుణసంధి. రెండో కోత దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఉన్మాదంలో మొదట ఉన్నది ‘ఉన్’ కాదు, ‘ఉత్’ అనే ఉపసర్గ, అంటే మాట ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్క. తకారం పక్కన మకారం రావడంతో అది తన వర్గంలోని అనునాసికమైన (ముక్కుతో పలికే) నకారంగా మారింది. జగత్ + నాథుడు జగన్నాథుడైనట్టు, సత్ + మానం సన్మానమైనట్టు, ఉత్ + మాదం ఉన్మాదమైంది. ఉన్మూలన, ఉన్ముఖం కూడా ఇలాగే తయారయ్యాయి. మూడో కోతలో ‘మాదం’ విడిపోతే మిగిలేది మద్ ధాతువు, అంటే మాటకు వేరైన క్రియ: సంతోషంతో పొంగిపోవడం, మత్తెక్కడం.

ఈ కోత సరిగ్గా పడితే రాతలో వచ్చే తప్పులు సగం వాటంతటవే పోతాయి. మద్‌లో ఉన్నది దకారం. ‘ఉన్మాధం’, ‘మతోన్మాధం’ అని ఒత్తు పెట్టడం తప్పని ధాతువే చెబుతుంది. ‘జాతోన్మాదం’ కూడా నిలవదు. జాతి ఇకారంతో ముగుస్తుంది కాబట్టి అక్కడ గుణసంధి రాదు, యణాదేశం వచ్చి, అంటే ఇకారం యకారంగా మారి, జాత్యున్మాదం అవుతుంది. కులోన్మాదం, యుద్ధోన్మాదం, భాషోన్మాదం మాత్రం సరైనవే, ఎందుకంటే వాటి చివర ఉన్నవి అకారమో ఆకారమో.

ఉపసర్గను కూడా ఊరికే వదిలేయకండి. ఉత్ అంటే పైకి, బయటికి, హద్దు దాటి. ఉత్సాహం, ఉత్కంఠ, ఉద్రేకం, ఉద్వేగం, ఉద్యమం, ఉల్లాసం: మనసు లేచి నిలబడే మాటలు ఎన్నో ఈ ఒక్క ఉపసర్గతోనే మొదలవుతాయి. ఉత్కంఠలో మెడ పైకెత్తి చూస్తున్న మనిషి ఇప్పటికీ కనిపిస్తాడు. ఉత్సాహంలోని సహ్ ధాతువుకు ఓర్చుకోవడం, సమర్థుడు కావడం అని అర్థం. అంటే ఉత్సాహం బలం లేవడం, ఉన్మాదం మత్తు లేవడం. అలంకారశాస్త్రం కూడా ఈ తేడాను పట్టుకుంది. అక్కడ ఉత్సాహం వీరరసానికి స్థాయీభావం, అంటే నిలిచి ఉండే భావం. ఉన్మాదం వచ్చిపోయే ముప్పై మూడు వ్యభిచారి భావాల్లో ఒకటి.

చుట్టాలను పలకరించాలి

కాగితం మీద మధ్యలో ‘మద్’ అని రాసి, చుట్టూ దాని నుంచి పుట్టిన మాటలు పేర్చండి. మదం, మదిర, మత్తుడు, మత్తు, మాదకద్రవ్యం, మదనుడు, ప్రమాదం. ప్రమాదం ఇక్కడేం చేస్తోందని అనిపిస్తుంది. సంస్కృతంలో దానికి ఏమరుపాటు అని అర్థం. ‘ప్రమాదో ధీమతామపి’ అన్నప్పుడు తెలివైనవాళ్లు కూడా పొరబడతారనే తప్ప వాళ్ల బండి బోల్తా పడుతుందని కాదు. ఏమరితే జరిగేదాన్నే తెలుగు ప్రమాదం అంది. అంటే కారణం పేరు ఫలితానికి వచ్చింది. అర్థాలు ఇలా జరుగుతూ పోతాయని గుర్తు పెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

ఈ చుట్టాల్లో అన్నిటికంటే ముచ్చటైనది ఉమ్మెత్త. సంస్కృతంలో ఉమ్మెత్త మొక్క పేర్లలో ‘ఉన్మత్త’ ఒకటి. తిన్నవాడికి కళ్లు తిరిగి, లేనిది కనిపించి, పొంతన లేని మాటలు వస్తాయి కాబట్టి ఆ పేరు. అదే ప్రాకృతంలో ‘ఉమ్మత్త’ అయి, తెలుగులో ఉమ్మెత్త అయింది. నకార మకారాలు కలిసి మకార ద్విత్వం కావడం తద్భవాల్లో మామూలే. జన్మం జమ్మం కావడాన్ని ప్రాకృతంలో చూడొచ్చు. కాబట్టి ఉన్మాదానికి అసలు బొమ్మ కావాలంటే కంచె పక్కన పూసిన తెల్లటి ఉమ్మెత్త పువ్వును తలచుకోండి. లోపలికి వెళ్లింది విషం. మాట్లాడుతున్నది మనిషి కాదు, ఆ విషం.

ఈ అడుగులో జరిగే పెద్ద తప్పు, వినడానికి దగ్గరగా ఉన్న ప్రతి మాటనూ చుట్టంగా లెక్కేయడం. ఆమోదం, ప్రమోదం మద్ నుంచి రాలేదు, ముద్ నుంచి వచ్చాయి. మదనుడు అనే మాట మద్ సంతానమే, అదే దేవుడి ఇంకో పేరైన మన్మథుడు మాత్రం కాదు. ‘మాదిరి’కి దీనితో ఏ సంబంధమూ లేదు. అనుమానం వస్తే ధాతువులోని అచ్చును చూడండి. ధాతువులోని అచ్చు సాగినప్పుడు (వ్యాకరణంలో గుణవృద్ధులు) మద్ ‘మాద’ అవుతుంది, ముద్ ‘మోద’ అవుతుంది. ఆ ఒక్క గుర్తుతో సగం గందరగోళం తీరుతుంది.

ఇక మతం సంగతి. ఇది మన్ ధాతువు నుంచి వచ్చింది. మన్ అంటే తలచడం. మతం అంటే మొదట తలచినది, అంటే అభిప్రాయం. సమ్మతం, అభిమతం, అనుమతి, ఏకాభిప్రాయానికి పాత మాటైన ఐకమత్యం, అన్నిటిలోనూ ఆ అర్థం పదిలంగా ఉంది. అభిమానం కూడా మన్ బిడ్డే. సంస్కృతంలో అది ‘నేను’ అనే గర్వం. తెలుగుకు వచ్చాక ఆత్మగౌరవమూ అయింది, ఇష్టమూ అయింది, సినిమా హాలు ముందు కటౌట్‌కు పాలాభిషేకం చేసేదీ అయింది. మతోన్మాదం అనే మాటలో తలపు పేరు, మత్తు పేరు పక్కపక్కన కూర్చున్నాయన్నమాట.

పుట్టిన చోటు, పెరిగిన చోటు వేరువేరుగా రాసుకోవాలి

ధాతువు దొరికితే పని అయిపోయిందనుకోవద్దు. మాట ఏయే రంగాల్లో తిరిగిందో తేదీలతో కాకపోయినా కనీసం వరసగానైనా రాసుకోండి. ఋగ్వేదంలో ‘మద’ తిట్టు కాదు. సోమరసం తాగిన ఇంద్రుడికి కలిగే పొంగు అది, కవులు ఆనందంగా వర్ణించిన స్థితి. అరిషడ్వర్గంలోకి వచ్చేసరికి అదే మదం జయించవలసిన శత్రువైంది. ఏనుగు కణతల నుంచి కారేదీ మదమే.

ఉన్మాదానికి శాస్త్రీయమైన నిర్వచనం ఇచ్చింది వైద్యులు. ఆయుర్వేద గ్రంథమైన చరకసంహితలో, రోగ కారణాలు చెప్పే నిదానస్థానంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం, ఈ ఎనిమిదీ తప్పుదారి పట్టడమే ఉన్మాదమని అందులో చెప్పారు. వాత, పిత్త, కఫ దోషాల వల్ల మూడు, మూడూ కలిసి సన్నిపాతం వల్ల ఒకటి, బయటి నుంచి వచ్చిపడే ఆగంతుకం ఒకటి, మొత్తం ఐదు రకాలు. ఆ జాబితాలో ‘భక్తి’ ఉండటం గమనించండి. అక్కడ భక్తి అంటే ఒకదాని మీద ఉండే ఇష్టం, మొగ్గు. ఇష్టం కూడా జబ్బు పడగలదని వాళ్లు విడిగా రాశారు. ఇవాళ మతోన్మాదం అన్నప్పుడు మనం చెప్పేదానికి పాత పుస్తకాల్లో ఇంతకంటే దగ్గరి మాట దొరకదు. ఫ్రాన్సులో వోల్టేర్ 1764లో తెచ్చిన తాత్విక నిఘంటువులోనూ ఇలాంటి పోలికే చేశాడు. జ్వరానికి సంధి (జ్వరం ముదిరి మతి తప్పడం) ఎలాంటిదో మూఢనమ్మకానికి ఫనాటిసిజం అలాంటిదన్నాడు.

ఇంగ్లీషు మాటనూ ఇలాగే కోయాలి

అనువాదంలో రెండు వైపుల చరిత్రా తెలియాలి. ఫనాటిక్‌కు మూలం లాటిన్‌లో ‘ఫానుమ్’. ఫానుమ్ అంటే గుడి. దాని నుంచి వచ్చిన ‘ఫానాటికుస్’ అంటే మొదట గుడికి చెందినవాడు, తర్వాత దేవత పూనినవాడు. రోమ్‌లో బెల్లోనా అనే యుద్ధదేవత పూజారులు ఆవేశంలో తమ చేతులు తామే కోసుకుని నెత్తురు చిందించేవారు. అలాంటివాళ్లను చూసినవాళ్ల నోట ఆ మాట ‘ఒళ్లు తెలియనివాడు’ అయింది. ఇంగ్లీషులోకి 16వ శతాబ్దంలో చేరింది. 17వ శతాబ్దంలో అధికారిక చర్చికి లోబడనివాళ్లను తిట్టడానికి పనికొచ్చింది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో బేస్‌బాల్ చూసేవాళ్లు దాన్ని కుదించి ‘ఫ్యాన్’ చేశారు. అపవిత్రం అనే అర్థంలో వాడే ‘ప్రొఫేన్’ కూడా ఈ ఇంటిదే. గుడి ముందు, అంటే గుడి బయట ఉండిపోయినది అని దాని అర్థం.

‘ఎంథూజియాజమ్’ గ్రీకు మాట. లోపల దేవుడు ఉండటం అని అర్థం. తెలుగులో దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట ఉత్సాహం కాదు, ఆవేశం. ఆ + విశ్, లోపలికి ప్రవేశించడం. ప్రవేశంలో ఉన్నదీ ఆ విశ్ ధాతువే. పూనకం మన సొంత మాట. పూను అంటే ధరించడం, తలకెత్తుకోవడం. అదే క్రియ నుంచి పూనకమూ వచ్చింది, పూనికా వచ్చింది. పనిని మనిషి పూనితే పూనిక, మనిషిని దేవత పూనితే పూనకం. ఒకే అతి శ్రద్ధకు మెప్పు మాటనూ, ఒళ్లు మరిచే మాటనూ ఒకే క్రియ నుంచి తీసిన భాష మనది. ఇంత చక్కని జంట చేతిలో ఉండగా వాడకపోవడం నష్టం.

వెర్రి కూడా ఈ కోవలోదే. పాత రాత వెఱ్ఱి, బండి రతో. తమిళంలో దీని తోబుట్టువు వెఱి. పాత తమిళ సంగం కవిత్వంలో మురుగన్ దేవుడు పూనిన వేలన్ అనే పూజారి ఆడే ఆటను వెఱియాట్టు అన్నారు. ఇప్పుడు అక్కడ మతోన్మాదాన్ని మతవెఱి అంటారు. దేశ్యపదాలకు, అంటే సంస్కృతం నుంచి రాని సొంత మాటలకు, ఇలా సోదర భాషల్లో వెతకాలంటే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడండి. 1984 నాటి రెండో కూర్పు పనికొస్తుంది. ఏది దేశ్యమో ముందే తెలుసుకోవడానికి శబ్దరత్నాకరం అనే తెలుగు నిఘంటువు చాలు. మాట పక్కన సం. అని ఉంటే సంస్కృతం, వై. అంటే వైకృతం (తద్భవం), దే. అంటే దేశ్యం. ఆ గుర్తు చూడకుండా ద్రావిడ మాటకు సంస్కృత ధాతువు అంటగడితే మొత్తం శ్రమ వృథా.

ఛాందసం దారి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఛందస్సు అంటే వేదం. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు, గౌరవమైన మాట. చదివినదాన్ని పట్టుకుని లోకాన్ని చూడనివాడనే అర్థం తర్వాత అంటింది. అదే మాట ఇళ్లలో అరిగి చాదస్తమైంది. పదిసార్లు తాళం లాగి చూసే పెద్దాయనది చాదస్తమే గానీ ఛాందసం కాదు. ఒకటి విసుగు తెప్పిస్తుంది, ఇంకొకటి ఎదుటివాళ్ల బతుకు మీద ఆంక్షలు పెడుతుంది.

గుడి, వేదం, సోమరసం, మురుగన్ ఆట: ఈ మాటలన్నీ పవిత్రమైన చోటే పుట్టాయి. వాటికి చేదు అంటించింది బయట నిలబడి చూసినవాళ్లు. అందుకే వీటిలో ఏది వాడినా రాసేవాడు ఎక్కడ నిలబడ్డాడో చదివేవాడికి తెలిసిపోతుంది.

ఒక్క పేరు దగ్గర ఆగి చూడండి

ఫనాటిక్‌కు దగ్గరి ఇంగ్లీషు మాట ‘జెలట్’. దాని కథ తెలుగు బైబిల్లో కళ్లెదుటే ఉంది. గ్రీకులో ‘జీలోస్’ అంటే పట్టుదలతో కూడిన మంట, పోటీ, అసూయ. ఇంగ్లీషులో జీలస్, జెలస్ రెండూ దీని పిల్లలే. 1వ శతాబ్దంలో రోమ్ ఏలుబడిని ఎదిరించిన యూదుల పక్షానికి జెలట్లని పేరు వచ్చింది, క్రీ.శ. 66లో మొదలైన తిరుగుబాటులో వాళ్లున్నారు. యేసు శిష్యుల్లో ఒక సీమోనుకు లూకా సువార్తలో ‘జెలోతే’ అని పేరు. మత్తయి సువార్తలో అదే మనిషి ‘కనానీయుడైన సీమోను’. చదివేవాళ్లు కనాను దేశస్థుడనుకుంటారు. నిజానికి ఆ మాట వెనక ఉన్నది అరమాయిక్‌లో రోషం, ఆసక్తి గలవాడని చెప్పే మాట. జెలోతే దానికి గ్రీకు అనువాదం. ధ్వని ఒకటే కావడంతో గుణం కాస్తా ఊరి పేరైపోయింది. ధ్వనిని నమ్మితే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మా దృష్టిలో లేదు.

ఆ అనువాదకులే దేవుడి విషయంలో ఈ భావాన్ని ‘రోషముగల దేవుడు’ అన్నారు, గుడి మీద ఉన్న తపనను ‘ఆసక్తి’ అన్నారు. ఆసక్తి అంటే అతుక్కుపోవడం, సంస్కృతంలో చాలా గట్టి మాట. ఇవాళ ‘ఈ ఉద్యోగంపై ఆసక్తి గలవారు’ అనే స్థాయికి పలచబడింది. పాత వాక్యాల్లో ఆసక్తి కనిపిస్తే నేటి అర్థం పెట్టి చదవకండి.

మాటను ఎంచుకునే పరీక్ష

ఇప్పుడు వాక్యం ముందు పెట్టుకుని, ఆ మనిషి గురించి ఈ వరసలో అడగండి.

ఎక్కువ ఇష్టపడుతున్నాడు, అంతేనా? అయితే వీరాభిమాని, లేదా వాడుకలో పిచ్చి. ‘క్రికెట్ ఫనాటిక్’ను క్రికెట్ పిచ్చోడు అనండి. పాటలైతే ‘పాటంటే చెవి కోసుకుంటాడు’ అనండి. బెల్లోనా పూజారులు చేతులు కోసుకున్నారు, తెలుగువాడు మాటల్లోనే చెవి కోసుకుని ఊరుకున్నాడు.

కాసేపు ఒళ్లు మరిచి, తర్వాత మామూలైపోతాడా? ఆవేశం, పూనకం. ఇవి క్షణానికి చెందినవి, స్వభావానికి పెట్టకూడదు.

ఎదుటివాడి మాట వినడం మానేశాడా? ఇక్కడ మూడు మాటలున్నాయి. తనవాళ్లన్న పక్షపాతమైతే దురభిమానం. పాత నియమాన్ని వదలకపోతే ఛాందసం. తప్పని తెలిసినా పట్టు విడవకపోతే దురాగ్రహం. దురాగ్రహాన్ని ‘చెడ్డ కోపం’ అని రాయడం తరచుగా జరిగే పొరపాటు. ఆగ్రహం కోపం కావడం తెలుగులో వచ్చిన మార్పు. గ్రహ్ ధాతువు పట్టుకోవడం, ఆగ్రహం గట్టి పట్టు. గాంధీ చెప్పిన సత్యాగ్రహంలో ఉన్నది ఆ పట్టే, కోపం కాదు.

తనవాడు కానివాణ్ణి మనిషిగా చూడటం మానేసి, హాని చేయడానికో చేయించడానికో సిద్ధపడ్డాడా? అప్పుడే ఉన్మాదం. ఇక్కడ మెత్తని మాట వాడి ‘అభిమానం’, ‘ఆవేశం’ అంటే నేరాన్ని కప్పిపెట్టినట్టే.

పక్కనున్న మాటలతో కలిపేయకుండా ఉండటానికి మరో రెండు జాగ్రత్తలు. మతాన్ని బట్టి మనుషుల్ని విడదీసి లబ్ధి పొందే రాజకీయం మతతత్వం. దాన్ని చల్లని బుర్రతో, ఏ పూనకమూ లేకుండా నడిపేవాళ్లుంటారు. మత్తు లేనిచోట ఉన్మాదం అనడం వాళ్లకు మేలు చేయడమే. అతివాది కూడా ఉన్మాది కాదు. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పుడు తిలక్ పక్షాన్ని అతివాదులన్నారు. అది రాజకీయ పద్ధతిలోని తేడాను చెప్పే మాట.

అన్నిటికంటే ఎక్కువగా మార్చవలసింది ‘ప్రేమోన్మాది’. యువతి మీద కత్తితో దాడి చేసినవాడికి ఈ పేరు పెట్టే శీర్షికలు మానాలి. సమాసాన్ని విప్పి చూడండి. మొదటి భాగం వాడిది ప్రేమ అంటోంది, రెండో భాగం వాడికి ఒళ్లు తెలియలేదంటోంది. రెండూ వాడి తరఫు వకీలు చెప్పాల్సిన మాటలు. ‘యువతిపై కత్తితో దాడి, నిందితుడి అరెస్టు’ అని రాస్తే జరిగింది జరిగినట్టు ఉంటుంది, శీర్షికలో చోటూ సరిపోతుంది. మానసిక జబ్బుతో బాధపడేవాళ్లనూ ఉన్మాదులని రాయకండి. చరకుడి నాటి వైద్యపదం ఇప్పుడు తిట్టుగా మారిపోయింది, ఆ తిట్టు రోగి మీద పడకూడదు. జబ్బు పేరు తెలిస్తే ఆ పేరే రాయండి. తెలియకపోతే మానసిక అనారోగ్యం అనండి.